న్యూమన్ జెర్సీలో గిలెస్పీ

ముప్పై ఏళ్ళుగా గ్లెన్‌కారీ రోవర్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాళ్ళ మోకాళ్ళకు మర్దనా చేస్తున్నాను. అంత మంచి లెఫ్ట్ వింగర్‌నీ, అంత వెర్రిబాగులవాణ్ణీ ఒకే మనిషిలో చూసింది మాత్రం వాటీ గిలెస్పీ దగ్గరే.

పంతొమ్మిది వందల ఇరవై తొమ్మిదిలో బొగ్గుగని నుంచి మా దగ్గర పరీక్ష ఆట ఆడటానికి వచ్చాడు. అలా వచ్చినవాణ్ణి దొంగపేరుతో దింపడం మా దేశంలో ఆనవాయితీ. లేకపోతే పాత క్లబ్బువాళ్ళు గొడవకొస్తారు.

"ఇవాళ నీ పేరు న్యూమన్. చచ్చినా అసలు పేరు చెప్పకు" అన్నాను.

మూడు గోల్స్ కొట్టాడు. మేనేజరు అక్కడికక్కడే ఒప్పంద పత్రం ముందు పెడితే, ఈ మహానుభావుడు న్యూమన్ అని సంతకం పెట్టేశాడు!

నాకు తెలిసేసరికి పత్రం గ్లాస్గోలోని ఫుట్‌బాల్ సంఘం ఆఫీసుకి చేరిపోయింది.

"ఒరేయ్ గాడిదా, కొంప ముంచావు కదరా!"

"చచ్చినా చెప్పొద్దన్నావు కదన్నా!"

సంగతి బయటపడితే గెలిచిన ఆటలన్నీ రద్దవుతాయి. అందుకని ఇక న్యూమన్ పేరుతోనే ఆడతాననీ, ఇంట్లో కూడా నోరు విప్పననీ వాడిచేత బైబిలు మీద ఒట్టు వేయించాం. రిజర్వు జట్టులో ఆడుతున్నానని ఇంట్లో చెప్పుకున్నాడు.

వాడి తండ్రి ఎబెనీజర్‌ది గనిలో పలుగు పట్టిన చెయ్యి. కొడుకును మెచ్చుకోమంటే పన్ను పీకించుకోమన్నట్టు మొహం పెట్టే మనిషి. వాటీకి కావలసిందల్లా ఆయన నోట ఒక్క మంచిమాట. ఆయనేమో శనివారం సాయంత్రం పేపరు ముందేసుకుని మొదలుపెట్టేవాడు.

"చూడరా ఆ న్యూమన్‌ని! మళ్ళీ రెండు గోల్స్! నువ్వూ ఉన్నావు ఎందుకు, తిండి దండగ!"

సోమవారం వాటీ నా బల్లమీద బోర్లా పడుకుని ఏడ్చేవాడు. నాకు నవ్వూ వచ్చేది, కడుపూ తరుక్కుపోయేది.

కప్పు ఆటకి ఎబెనీజర్ స్వయంగా వచ్చి కంచె పట్టుకు నిలబడ్డాడు, న్యూమన్‌ని కళ్ళారా చూద్దామని. మైదానంలోకి కొడుకు వచ్చాడు.

"నువ్వేంట్రా? న్యూమన్ ఏడీ?"

వాటీ నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"జ్వరం నాన్నా. నన్ను దింపారు."

"నా ఖర్మ! ఐదు మైళ్ళు నడిచొచ్చింది నిన్ను చూడ్డానికా! ఆ పిల్లాడి పరువు తీయకు."

ఆట సాగుతుంటే జనమంతా "న్యూమన్! న్యూమన్!" అని అరుపులు. "కళ్ళు దొబ్బాయా? వాడు మావాడయ్యా!" అని ఎబెనీజర్ పక్కవాళ్ళతో తగువు. వాటీ ఆ రోజు ఒళ్ళు మరిచిపోయి ఆడాడు. రెండు గోల్స్ కొట్టి గెలిపించాడు.

ఆట అయ్యాక ఎబెనీజర్ టోపీ చేత్తో నలుపుతూ దగ్గరకొచ్చాడు.

"న్యూమన్ కన్నా నువ్వే నయంరా. వాడికి జ్వరం తగ్గినా సరే, ఇక నిన్నే ఆడించమని మీ మేనేజరుకి నేను చెబుతాను."

చెప్పడానికి తిన్నగా ఆఫీసు గది వైపు నడిచాడు కూడా. వాటీ మొహాన బురద మీదుగా కన్నీళ్ళు కారుతున్నాయి. నా పరిస్థితీ అదే, దాచుకోవడం దేనికి!

"ఒట్టు గాలికి వదిలెయ్యరా. వెళ్ళి నిజం చెప్పెయ్" అన్నాను.

"ఇప్పుడెందుకన్నా," అన్నాడు వాటీ, "నేనే నయమన్నాడుగా."