జూన్‌లో మార్చిన బ్రేకులు

తెయోఫిలో అప్పటికి ఆ బండి చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. నిలబడదామంటే కాళ్ళు ఊరుకోవడం లేదు. బొలీవియా కొండమీది ఎల్ ఆల్తో సంతలో ఆదివారం గాలి దుమ్ము రేపుతోంది. పాత బండ్ల వరస రోడ్డు చివరిదాకా ఉంది. ఈ తెల్ల మినీవ్యాన్ తప్ప కూతురికి ఏదీ నచ్చలేదు.

నెలిదా చేతిలో ఆపీ గ్లాసు ఉంది. ఊదారంగు మొక్కజొన్న జావ చల్లారిపోయింది. ఆమె తాగడం లేదు.

"దొంగని వెతికే పోలీసులా తిరుగుతున్నావు నాన్నా. ఇక తేల్చు."

ఆమె తొందర ఆమెది. కొండ కింది లా పాస్‌కి జనాన్ని దించే మినీవ్యాన్ల సంఘంలో రెండేళ్ళు ఎదురుచూస్తే బండి నడిపే వరస దొరికింది. సోమవారం పొద్దున బండితో వెళ్ళి నిలబడాలి. లేకపోతే ఆ వరస ఇంకొకరికి పోతుంది.

అమ్మేవాడి పేరు రెమీహియో. మనిషి పొట్టి, గొంతు పెద్దది. "చూసుకోనీ అమ్మాయీ. నా బండికి సిగ్గేం లేదు," అంటూ ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. "ఇదిగో, మొన్న ఫిబ్రవరిలో కార్నివాల్‌కి. ఏడాదంతా బండి చల్లగా ఉండాలని మా ఆవిడ నాలుగు చక్రాలకీ బీరు పోసింది. మా బావమరిది దీనికి జ్ఞానతండ్రి. రంగుకాగితాలు బస్తాతో తెచ్చి గుమ్మరించాడు. ఈ ఏడు అంతా గులాబీరంగే."

ఫోటోలో బండి పెళ్ళికొడుకులా ఉంది. చక్రాల మీద నురగ, నురగ మీద గులాబీరంగు ముక్కలు.

"బీరు సంగతి నేనడగలేదు. బ్రేకుల సంగతి చెప్పు," అన్నాడు తెయోఫిలో.

"జూన్‌లో నాలుగు చక్రాలకీ కొత్త ప్యాడ్లు వేయించా. నెల తిరిగింది అంతే. రసీదు ఉంది పెద్దాయనా."

రసీదు ఉంది. ముద్ర కూడా ఉంది. రెండేళ్ళ కిందట తనకు బండి అమ్మినవాడూ ఇలాంటి రసీదే ఇచ్చాడు. కార్నివాల్ నాడు భార్య కసిల్దా చక్రాలకు బీరు పోస్తూ, "బ్రేకులు చూశావా?" అని అడిగింది. చూశానన్నాడు. మూడు వారాల తర్వాత దిగుడులో బ్రేకు పెడల్ నేలకు ఆనింది. అతను బతికాడు. ఆమె బతకలేదు. అమ్మినవాడు మోసం చేశాడని ఊరంతా చెప్పాడు. తను చూశానన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

బానెట్ ఎత్తాడు. ఆయిలు కడ్డీ తీసి చూశాడు. తేనెలా మెరుస్తోంది. అమ్మేముందు ఆయిలు ఎవడైనా మారుస్తాడు. స్టీరింగు కదిపాడు. జపాన్‌లో కుడిపక్కన ఉన్నదాన్ని ఇక్కడ ఎడమకు మార్చిన బండి, వేలెడు వదులుంది. ఈ సంతలో అన్నీ అంతే.

"జాకీ ఇవ్వు."

"దేనికి?"

"చక్రం విప్పుతా."

రెమీహియో నవ్వాడు. "ఇక్కడెవరు విప్పుతారు పెద్దాయనా? ఫోటో చూస్తారు, రసీదు చూస్తారు, ఒక చుట్టు తిప్పి కొనేస్తారు."

"అందుకే విప్పుతా."

అవతల గుండ్రటి టోపీ పెట్టుకున్న ఒకావిడ, ఆమె మొగుడు ఇదే బండి కోసం కాచుకుని ఉన్నారు. నెలిదా వాళ్ళ వైపు చూసింది. "నాన్నా, వాళ్ళు ఎగరేసుకుపోతారు!"

"పోనీ."

ముందు కుడిచక్రం ఊడివచ్చింది. ప్యాడ్లు అట్టముక్కలంత పలచగా ఉన్నాయి.

"మరి దిగుడు రూటు కదా!" రెమీహియో గొంతు తగ్గలేదు. "ఈ కొండ ప్యాడ్లని బిస్కెట్లలా నమిలేస్తుంది. నీకు తెలీదా?"

తెలియకేం. ఆ మాట అబద్ధం కాదు.

"కొత్తవి వేసుకుందాం, గంట పని. లే నాన్నా," అంది నెలిదా.

లేవబోయాడు. లేచేవాడే. చెయ్యి ఊరుకోక, ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌ను తడిమింది. దాన్ని బిగించే బోల్టు మీద మట్టి గట్టిపడి ఉంది. గోటితో గీకాడు. కింద ఏదో రంగు కనిపించింది. ఉమ్మి తడిచేసి తుడిచాడు. గులాబీరంగు కాగితం ముక్క. బీరుతో అతుక్కుని, సగం బోల్టు తల మీద, సగం కాలిపర్ మీద అడ్డంగా పడుకుని ఉంది. ఎక్కడా చిరగలేదు.

"ఇటు రా," అన్నాడు కూతుర్ని. "ఈ బోల్టు తిప్పకుండా ప్యాడ్లు మార్చగలరా?"

ఆమె వంగి చూసింది. "లేదు."

"తిప్పితే, ఫిబ్రవరి నాటి ఈ కాగితం?"

"చిరుగుతుంది." ఆమె మెల్లిగా లేచి రెమీహియో వైపు తిరిగింది. "జూన్‌లో మార్చావా అన్నా?"

రెమీహియో రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే, రేపు మార్పిస్తా. దానికింత గోలేంటి? జూన్ అంటే జూనేనా? అమ్మేటప్పుడు అందరూ అనే మాటేగా."

"అవును," అన్నాడు తెయోఫిలో. "అందరూ అంటారు."

చక్రం మళ్ళీ ఎక్కించాడు. నట్లు ఒక్కొక్కటీ రెండుసార్లు బిగించాడు. టోపీ ఆవిడ దగ్గరికొచ్చి, "మీకు వద్దా?" అంది.

"ముందు చక్రం విప్పించి చూసుకోండి," అన్నాడు. ఆవిడ అప్పటికే లోపలెక్కి సీటు మెత్తదనం చూస్తోంది.

నెలిదా ముందు నడిచింది. అతను వెనక నడిచాడు. సంత చివర ఆమె ఆగింది.

"నాన్నా. అమ్మ పోయిన బండికి చక్రాలు విప్పి చూశావా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. రెండేళ్ళుగా అక్కడే ఉంది.

"లేదు."

"అమ్మ అడగలేదా?"

"అడిగింది. చూశానని చెప్పా."

ఆమె చేతిలో ప్లాస్టిక్ గ్లాసు నలిగింది. చల్లటి జావ మణికట్టు మీంచి కారింది. తుడుచుకోలేదు. ఏడవనూ లేదు.

"రేపు నీ వరస?" అన్నాడతను.

"పోయింది." ఆమె వెనక్కి తిరిగి బండ్ల వరసని చూసింది. "గురువారం సంత ఉంది. చక్రాలు నేను విప్పుతా. నువ్వు దూరంగా నిలబడు."