మోచేతుల బాబాయి

"ఊపిరి బిగబట్టక్కర్లేదు బాబూ, ఇది ఎక్స్‌రే కాదు," అన్నాడాయన, బల్ల మీది నల్లగుడ్డ ముడతలు సరిచేస్తూ.

కుర్చీలో ఉన్న బస్సు డ్రైవరు బుగ్గల నిండా పట్టిన గాలి వదిలేసి సిగ్గుగా నవ్వాడు. మోచెయ్యి గుడ్డ మీద ఆనించాడు. ఆయన కెమెరా స్టాండుకు వేలాడుతున్న ఊలుదారాన్ని రెండు వేళ్లతో పట్టి ముందుకు లాగాడు. దారం చివర ఒక ముడి ఉంది. ఆ ముడి చర్మానికి తగలకూడదు, ఇదిగో తగలబోతోంది అన్నట్టుండాలి. అలా కుదిరాక దారం వదిలేసి మీట నొక్కాడు.

"తగ్గిందంటారా?" అడిగాడు డ్రైవరు.

"రెండో చెయ్యి పెట్టండి."

పోస్టాఫీసు పైన, రెండో అంతస్తులో ఉన్న ఆ పరిశోధన కేంద్రంలో చర్మవ్యాధులకు కొత్త మందులు పరీక్షిస్తారు. ఇప్పుడు నడుస్తున్నది సోరియాసిస్ పూతమందు. మోచేతుల మీద, మోకాళ్ల మీద ఎర్రగా లేచి తెల్లటి పొట్టు రాల్చే జబ్బది. వచ్చినవాళ్లలో సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్త పూత. ట్యూబులన్నీ ఒకేలా ఉంటాయి, మీద నంబరు తప్ప. ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు, ఫోటోలు తీసే ఆయనకు అసలే తెలియదు. మొదటిరోజు ఒక ఫోటో, ఆ తర్వాత మూడు వారాలకొకటి, పన్నెండో వారంలో ఆఖరిది. అదే దీపం, అదే దూరం. దీపం జానెడు జరిగితే చాలు, తగ్గని జబ్బు తగ్గినట్టు కనిపిస్తుంది.

ఆ గదికి ఇంకో నియమం కూడా ఉంది. చర్మం గురించి మంచీ చెడ్డా మాట్లాడకూడదు. ఇరవై రెండేళ్లలో ఆయన ఒక్కరితోనూ "తగ్గింది" అనలేదు. నోరు మూసుకుంటే జనం ముఖం చదువుతారని గ్రహించి, ముఖాన్ని కూడా ఆ గది గోడల్లాగే బూడిదరంగులో ఉంచుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఆయన తీసే ఫోటోల్లో ముఖాలుండవు. అందుకేనేమో, మనుషుల పేర్లు మరిచిపోయినా మోచేతులు మరిచిపోయేవాడు కాదు. బస్సులో పైకమ్మీ పట్టుకున్న చెయ్యి చూసి పలకరించబోయి, తమాయించుకుని కిటికీలోంచి బయటికి చూసేవాడు. నర్సు ఆయనకు 'మోచేతుల బాబాయి' అని పేరు పెట్టింది. అందరూ దాన్నే ఖాయం చేశారు.

ఊలుదారం కథ వేరు. చాలాకాలం కిందట దూరం కొలిచే స్టీలు కడ్డీ విరిగిపోయింది. రంగు కలిసే ఊలుండ కొనుక్కురమ్మని భార్య ఇచ్చిన బారెడు దారం ఆ రోజు ఆయన జేబులో ఉంది. దాన్నే స్టాండుకు కట్టి, కొలిచి ముడి వేశాడు. సాయంత్రం ఇంటికి వెళ్లాక చెబితే ఆవిడ నెత్తి కొట్టుకుంది. అలాంటి రంగు మళ్లీ దొరకలేదు. స్వెట్టరు ఎడమచెయ్యి కుడిచేతికంటే నాలుగు వేళ్లు పొట్టిగా వచ్చింది. "మీ చెయ్యి సగం ఆ గదిలోనే ఉండిపోయింది, నన్నడక్కండి," అని ఏటా చలికాలంలో దెప్పేది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది. స్వెట్టరు ఇంకా గట్టిగానే ఉంది. ఈ రోజూ అదే వేసుకొచ్చాడు.

ఆయన ఉద్యోగానికి ఇదే ఆఖరిరోజు. సోమవారం కొత్త యంత్రం వస్తుంది. చెయ్యి లోపల పెడితే దూరం అదే కొలుచుకుంటుందట, దీపం అదే వెలిగించుకుంటుందట.

"బాబాయ్, పోనీ టీ పార్టీ అయినా పెట్టుకుందాం," అంది నర్సు గుమ్మంలోంచి, వారంలో పదోసారి.

"వద్దన్నానా? నన్ను మధ్యలో నిలబెట్టి మీరంతా చప్పట్లు కొడితే నేను మెట్ల మీంచి దూకేస్తాను."

"రెండో అంతస్తేగా, ఏం కాదులెండి. సరే, ముప్ఫై ఏడో నంబరొచ్చింది. పంపిస్తున్నా."

ముప్ఫై ఏడో నంబరంటే బేకరీ అమ్మాయి. ఆ అమ్మాయి కోసం డాక్టరమ్మ రెండు రోజులుగా ఎదురుచూస్తోంది. ఆ అమ్మాయి ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేసింది. గడువు ఈ సాయంత్రం ఆరింటితో సరి. ఆ ఫోటో లేకపోతే పన్నెండు వారాలు ఓపిగ్గా రాసుకున్నదంతా లెక్కలోకి రాదు. పరీక్ష పూర్తిచేసినవాళ్లకు ఏడాదిపాటు ఇస్తామన్న అసలు మందూ రాదు.

అమ్మాయి వచ్చి కూర్చుంది. పొడుగు చేతుల చొక్కా మడిచింది. మడిచి, ఇప్పుడేం చెయ్యాలన్నట్టు ఆయన వైపు చూసింది.

ఆయన చెయ్యి దారం దగ్గర ఆగింది. నాలుగుసార్లు ఇదే కుర్చీలో కూర్చున్న మనిషికి చెయ్యి ఎక్కడ పెట్టాలో చెప్పక్కర్లేదే. వంగి చూశాడు. నున్నటి మోచెయ్యి. మోచేతి ఎముక కింద, ఓవెను రేకు తగిలి కాలిన బియ్యపుగింజంత మచ్చ ఉండాలి. లేదు.

"ఈ మోచెయ్యి నాకు తెలియదమ్మా," అన్నాడు మెల్లగా.

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "అంటే... ఎండకి కాస్త రంగు మారిందండి."

"మచ్చ ఎండకి పోదు తల్లీ. నువ్వు చెల్లెలివా?"

తల ఊపింది. ఆ తర్వాత గడగడా చెప్పేసింది. అక్క ఏడేళ్లుగా బేకరీలో వెనక గదిలోనే పనిచేస్తోంది. జబ్బు సంగతి యజమానురాలికి తెలియదు. పొడుగు చేతుల్లోంచి పొట్టు రాలుతుందేమోనన్న భయంతో అక్కే ముందుకు రానంది. ఈ రోజు మొదటిసారి ధైర్యం చేసి కౌంటర్లో నిలబడింది. మొదటిరోజే సెలవెలా అడుగుతుంది? ఆస్పత్రి పని అంటే ఏం జబ్బు అంటారు. పనివాళ్ల ఫోన్లన్నీ యజమానురాలి సొరుగులో ఉంటాయి.

"నా చేతులు బానే ఉన్నాయి కదండీ. అక్కవి కూడా ఇప్పుడు ఇలాగే ఉన్నాయి. ఎవరివైతే ఏముంది, ఫోటోనేగా అనుకున్నా."

ఆయనకు నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్లలో ఫోటోకి ముందు పౌడరు రాసుకొచ్చినవాళ్లను చూశాడు, మంచి చెయ్యే రెండుసార్లు పెట్టినవాళ్లను చూశాడు. మోచెయ్యి అరువిచ్చినవాళ్లను చూడలేదు.

డాక్టరమ్మకు చెప్పక తప్పలేదు. ఆవిడ అంతా విని, "ఫోటో తీశారా?" అని అడిగింది.

"లేదు మేడమ్."

"అయితే అబద్ధమేదీ లోపలికి రాలేదు. కానీ ఆరింటిలోపు ఆ అమ్మాయి రాకపోతే నేనేం చెయ్యలేను. ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి తన గుట్టు రట్టు చెయ్యనూ లేను."

ఆయన కాసేపు పొట్టిచెయ్యి స్వెట్టరు అంచు లాక్కుంటూ నిలబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, నాకు పార్టీ కావాలి."

"ఏమిటీ?"

"పార్టీ. కేకుతో సహా. కాస్త పెద్దదే కావాలి."

చెల్లెలు బేకరీ నంబరు చెప్పింది. ఆయనే ఫోన్ చేశాడు.

"కేకు మీద ఏం రాయమంటారు?" అవతల యజమానురాలి గొంతు.

"ఏదైనా... 'ఇక చాలు' అని రాయండి."

"పుట్టినరోజుకా!"

"కాదండీ, రిటైర్మెంటుకి."

"హమ్మయ్య. అయితే బాగుంటుంది. ఎక్కడికి పంపాలి?"

"పోస్టాఫీసు పైన, రెండో అంతస్తు. ఒక్క మాటండీ. ఇక్కడ మెట్లు నిటారుగా ఉంటాయి, కేకు ఒరిగిపోతుంది. మీ కౌంటర్లో కొత్తగా నిలబడ్డ అమ్మాయిది నిలకడైన చెయ్యి. తననే పంపండి."

"మీకెలా తెలుసు?"

"నాలుగుసార్లు చూశానండీ."

అయిదు దాటి పావుగంటయ్యేసరికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. ముందు కేకు పెట్టె కనిపించింది, వెనకాల అక్క. బేకరీవాళ్ల తెల్ల చొక్కా, చేతులు మోచేతుల పైకే. గుమ్మంలో నర్సునీ చెల్లెల్నీ పక్కపక్కన చూసి నిలబడిపోయింది.

"నువ్వు ఫోటో దిగలేదా?" అంది చెల్లెలితో గుసగుసగా.

"నన్ను పట్టేశారక్కా. నీ మచ్చ వల్లే!"

"కేకు కింద పెట్టి లోపలికి రామ్మా," అన్నాడాయన. "అందరూ ఆకలి మీదున్నారు."

కుర్చీలో కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే మోచెయ్యి నల్లగుడ్డ మీదికి వెళ్లి, ఎప్పుడూ ఉండే చోట వాలింది. బియ్యపుగింజ మచ్చ ఉంది. దాని పైన, పన్నెండు వారాల కిందట ఎండిన చెరువు మట్టిలా పగుళ్లిచ్చి కనిపించిన చోట, ఇప్పుడు లేత గులాబిరంగు నీడ తప్ప ఏమీ లేదు. దారం లాగి ముడి సరిచూశాడు. ఊపిరి బిగబట్టింది ఈసారి ఆయనే. మీట నొక్కాడు. రెండో చెయ్యి. మళ్లీ నొక్కాడు.

"అంకుల్," అంది ఆ అమ్మాయి. నాలుగుసార్లూ ఒక్క మాట అడగని పిల్ల. "ఎలా ఉంది?"

ఆయన కెమెరా వైపు చూశాడు, దీపం వైపు చూశాడు. బూడిదరంగు ముఖం ఎంత ప్రయత్నించినా కుదరడం లేదు.

"చొక్కా చాలా బాగుందమ్మా," అన్నాడు. "పొట్టి చేతులు నీకు నప్పాయి."

ఆ అమ్మాయి తన చేతుల కేసి చూసుకుంది. కళ్లు తుడుచుకోబోయి, వేళ్లకు చక్కెరపొడి ఉందని గుర్తొచ్చి ఆగి, నవ్వేసింది. లేస్తూ, ఊగుతున్న దారాన్ని రెండు వేళ్లతో పట్టి ఆపింది.

పార్టీ పావుగంటలో అయిపోయింది. ఆయన్ను మధ్యలో నిలబెట్టి చప్పట్లు కొట్టారు. ఆయన మెట్ల మీంచి దూకలేదు. 'ఇక చాలు'లో 'చాలు' ముక్క నర్సు తిన్నది. అక్కాచెల్లెళ్లు పరుగున వెళ్లిపోయారు. కౌంటరు మూసే వేళ కాలేదింకా.

ఆయన గదిలోకొచ్చి నల్లగుడ్డ మడత పెట్టాడు, దీపాలార్పాడు, అన్నం డబ్బా సంచిలో పెట్టుకున్నాడు.

"దారం తీసుకెళ్లండి బాబాయ్," అంది నర్సు. "స్వెట్టరు చెయ్యి పూర్తి చేయించుకోవచ్చు."

"ఇంకా నయం. చెయ్యి పూర్తయితే మా ఆవిడ దేనికి దెప్పినట్టు? ఉండనీ. యంత్రం మొరాయించిన రోజు నీకే పనికొస్తుంది."

తాళంచెవి నర్సు చేతిలో పెట్టి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయాడు. కింద వీధి తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు వినిపించింది, అంతే.

చీకటి పడుతున్న గదిలో స్టాండుకు ఊలుదారం వేలాడుతోంది, ముడి మీద చిటికెడు చక్కెరపొడితో.