కొట్టేసిన నూనె షరతు

చిన్నల్లుడు చేసిన ద్రోహాలు పెద్దల్లుడి లెక్కలో చాలానే ఉన్నాయి గాని, మామగారి తుపాకీ మీద చెయ్యి వెయ్యడం మాత్రం అన్నిటికీ పైది. ఆ రెండు గొట్టాల తుపాకీకి ఇరవై రెండేళ్ళుగా నలుపు పెడుతున్నది తను. ఏటా వానలకు ముందు మామగారు దాన్ని గోనెగుడ్డలో చుట్టి తెచ్చేవారు. తను గొట్టాలు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, కాస్టిక్ సోడా, సూరేకారం మరిగే తొట్టిలో ముంచి, ఇనుము నీలంగా తిరిగి నల్లబడేదాకా పక్కన నిలబడి చూసుకునేవాడు. ఈ ఏడు తుపాకీ రాలేదు. ఆరా తీస్తే చిన్నల్లుడి షాపులో, గాజు తలుపుల వెనక, బూడిదరంగు పూసుకుని దర్జాగా వేలాడుతోందట.

ఆ కబురు మోసుకొచ్చింది భార్యే. పదేళ్ళ దాకా మళ్ళీ చూసుకోనక్కర్లేదని నాన్న ఒకటే మురిసిపోతున్నాడని కూడా చేర్చింది. అతను తింటున్న కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

ఇంతా చేసి వాడు తన దగ్గర పని నేర్చుకున్నవాడే. రెండేళ్ళు ఈ తొట్టి దగ్గరే పట్టుకారు పట్టుకుని దగ్గుతూ నిలబడ్డాడు. తర్వాత అప్పు చేసి తుప్పు రాలేలా ఇసుక కొట్టే యంత్రం, రంగు చిమ్మే యంత్రం, బీరువా అంత కరెంటు పొయ్యి కొన్నాడు. తుపాకీ మీద రంగు చిమ్మి, పొయ్యిలో రెండు గంటలు కాల్చి తీస్తే చాలు, గోరుతో గీకినా రాదు. ఒక్కోదానికి రెండువేల రెండొందలు. పెద్దల్లుడి నలుపు ఏడొందలే. మూడో వంతు ధరకు తనిస్తుంటే జనం అక్కడ వరస కట్టడమేమిటన్నది అతని కడుపుమంట. మరదలి చేతికి ఇంతవరకు మసి అంటలేదు. తన భార్య చీరలకు సోడా చిల్లులు.

నలుపు సంగతి అతనికి తెలియంది కాదు. పని నేర్పిన మొదటి రోజే మామగారు చెప్పారు: నలుపు తుప్పునాపదు, నూనె ఆపుతుంది, నలుపు ఆ నూనెను పట్టి ఉంచుతుంది, అంతే. అందుకే ఎవరికి రసీదు రాసినా కింద ‘వారానికోసారి నూనె రాయాలి’ అని ఒక వాక్యం రాసేవాడు.

అలాంటి సమయంలో ఒక కాపలా కంపెనీ తన నలభై ఎనిమిది తుపాకులకు పూత వేయించాలనుకుంది. స్టోర్సు చూసే ఆఫీసరమ్మ ఇద్దరినీ ఒకే గదిలోకి పిలిచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. చిన్నల్లుడి కాగితంలో అయిదేళ్ళ హామీ, తుప్పు కనిపిస్తే ఉచితంగా మళ్ళీ పూత, షరతులేవీ లేవు. పెద్దల్లుడి కాగితంలో ఒక ఏడాది, దాని కింద నూనె వాక్యం. ధర చూస్తే ఇతనివైపు, కాలం చూస్తే అతనివైపు మొగ్గుతోందావిడ.

చిన్నల్లుడే కలగజేసుకున్నాడు. “అన్నయ్య పనికి వంక పెట్టలేం మేడం. నూనె ఒక్కటీ మానకపోతే ఆ నలుపు ఎన్నాళ్ళయినా ఉంటుంది.”

వాడు మెచ్చుకోలుగానే అన్నాడు. పెద్దల్లుడికి అది తన మీద జాలిపడ్డట్టు వినిపించి ఒళ్ళు భగ్గుమంది. జేబులోంచి కలం తీసి, కాగితం తన వైపు లాక్కుని, నూనె వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. ‘ఒకటి’ చెరిపి ‘అయిదు’ చేశాడు. “నా నలుపుకీ ఏ షరతూ లేదు మేడం,” అన్నాడు.

పని అతనికే వచ్చింది. మెట్లు దిగుతుంటే చిన్నల్లుడు వెనకే వచ్చి, ఉన్న నిజం ఎందుకు కొట్టేశావన్నయ్యా అని అడిగాడు.

“నీ నిజం నీ పొయ్యిలో పెట్టి కాల్చుకో,” అన్నాడు పెద్దల్లుడు.

నెల తిరక్కుండా నలభై ఎనిమిదీ గోడకు ఆనించి నిలబెట్టాడు. మామగారు వచ్చి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి చూశారు. బాగుందనలేదు, నూనె సంగతి చెప్పావా అని మాత్రం అడిగారు. చెప్పానన్నాడు.

మొదటి వానకే పదకొండు తుపాకులు తిరిగొచ్చాయి, గొట్టాల నిండా గోధుమరంగు చుక్కలతో. వాటిని మళ్ళీ రుద్ది ముంచి పంపేసరికి మరో పందొమ్మిది వచ్చాయి. ఆపైన ముందరి పదకొండూ మళ్ళీ వచ్చాయి. ఇక ఉండబట్టలేక కంపెనీ వాళ్ళ గోదాము గేటు దగ్గరికి తనే వెళ్ళాడు. తెల్లచొక్కా వేసుకున్న ముసలి కాపలాదారు తుపాకీని పొడిగుడ్డతో కసిగా తుడుస్తున్నాడు.

“నూనె రాయవా పెద్దాయనా?”

“రాస్తే చొక్కా భుజం మీద మరక పడుతుంది. మరకకి జీతంలో యాభై కోస్తారు బాబూ. తుప్పంటావా, అది ఎవరి గ్యారంటీలోనో ఉందట, నాకేం?”

పెద్దల్లుడు మింగలేక కక్కలేక వెనక్కొచ్చాడు. నాలుగు నెలల్లో తీసుకున్న డబ్బంతా సోడాకు, గ్యాసుకు, కూలీకి హరించుకుపోయింది. రుద్దిరుద్ది గొట్టాల మీది నంబర్లు కూడా అరిగిపోవడం మొదలైంది. ఆఫీసరమ్మ కాగితం ముందు పెట్టుకుని ఫోన్లో ఒకటే మాట చెప్పింది: అయిదేళ్ళని రాసింది మీరే, తుప్పు పట్టకుండా చేసిస్తారా, కోర్టుకు వస్తారా అని. నూనె అక్కర్లేని పూత ఆ ఊళ్ళో ఒక్కచోటే ఉంది.

గాజు తలుపు తోసుకుని వెళ్ళేసరికి మామగారు అక్కడే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. చిన్నల్లుడు ఎగతాళి చేస్తాడనుకుని వారం రోజులుగా మాటలు కూడబలుక్కుని వచ్చాడు. వాడు ఎగతాళి చెయ్యలేదు. విషయమంతా విని, స్టూలు లాగి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చాడు.

“పదమూడొందలకి చేసిస్తా అన్నయ్యా. నాకయ్యే ఖర్చే అంత. పైసా లాభం వద్దు.”

తిట్టి ఉంటే బాగుండేది. గ్లాసు కింద పెట్టి పెద్దల్లుడు గోడ మీది ధరల పట్టీ వైపు చూశాడు.

“అందరికీ ఎంత?”

“అందరి సంగతి వేరు. మనలో మనకేమిటి?”

“ఎంతని అడిగాను.”

“రెండువేల రెండొందలు. వద్దన్నయ్యా, వదిన ఊరుకోదు.”

“బిల్లు రాయి. నీ దగ్గర తగ్గింపు పుచ్చుకునే గతి నాకింకా పట్టలేదు.”

మామగారు పేపరు దించి ఒకసారి పెద్దల్లుడి మొహం చూసి, మళ్ళీ పైకెత్తుకున్నారు.

బిల్లు లక్షా అయిదువేల ఆరొందలయింది. చేతిలో చిల్లిగవ్వ లేదు. షెడ్డు వెనక ఖాళీ జాగా ఉంది, రెండో తొట్టి కట్టుకుందామని ఎప్పుడో కొన్నది. టైర్ల వ్యాపారి గజం పన్నెండొందలకు బేరం కుదుర్చుకున్నాడు. చిన్నల్లుడి తగ్గింపు పుచ్చుకుని ఉంటే యాభై రెండు గజాలతో పోయేది. పెద్దల్లుడు సంతకం పెట్టి రాసిచ్చింది ఎనభై ఎనిమిది గజాలు.