పీరుకెక్కిన మూత

మా ఉస్తాద్ అజీముద్దీన్ బండి ఇంగ్లండులో తయారైన బి.ఎస్.ఎ. మిలిటరీవాళ్ళు వేలం వేస్తే కొన్నాడట. కామారెడ్డిలో ఆయన మెకానిక్ షాపు ముందు అది నిలబడి ఉంటే, దాన్ని చూసుకుంటూ జనం ఒక చాయ్ ఎక్కువ తాగేవాళ్ళు. ఆ షాపులో పనివాళ్ళం ఇద్దరం, హన్మంతు, నేను. నా పేరు మైసన్న. హన్మంతుకు చేతిలో పని ఉండేది, నాకు నోట్లో మాట ఉండేది. ఉస్తాద్‌కు ఆ సంగతి తెలుసు. అందుకే షాపు తాళంచెవి హన్మంతు దగ్గర ఉండేది.

ఎనభై నాలుగు మార్చిలో ఉస్తాద్ రెండు రోజులు పెళ్ళికని నిజామాబాద్ వెళ్ళాడు. నాకు అప్పుడే కొత్తగా పెళ్ళయింది. ఎల్లారెడ్డిలో మా బావమరుదుల ముందు ఆ బండి మీద దిగాలని నా సోకు. హన్మంతు వద్దన్నాడు. గంటసేపు బతిమాలితే తలుపు తీశాడు.

ఆ బండి టాంకీ మూతకు మరలు ఉండవు, రెండు చెవులుంటాయి. పెట్టి, నొక్కి, పావు చుట్టు తిప్పాలి. తిప్పకపోయినా బుద్ధిమంతుడిలా కూర్చున్నట్టే కనిపిస్తుంది. వచ్చేటప్పుడు దారిలో ఒక ఊరి దగ్గర ఆపి, పెట్రోల్ ఎంత ఉందో చూసి, మూత పెట్టాను. తిప్పలేదు. కామారెడ్డి చేరేసరికి టాంకీ నోరు తెరుచుకుని ఉంది, నా ప్యాంటంతా పెట్రోల్.

ఆ రాత్రే వెనక్కి వెళ్ళి వెతికినా దొరకలేదు. మర్నాడు ఉస్తాద్ వచ్చి, టాంకీలో కుక్కిన గుడ్డను చూసి, "మూతేది?" అన్నాడు. హన్మంతు నా వైపు చూశాడు. నేనే చెప్తాననుకున్నాడు.

"నాకేం ఎర్క ఉస్తాద్? తాళంచెవి హన్మంతు దగ్గరుండె గద," అన్నాను.

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదన్నట్టుగా చెప్పాను, నాకు తిక్కరేగేది ఇప్పటికీ దానికే. తన మీద నింద పడితే కాదని వాదించుకోవడం హన్మంతుకు చేతకాదు. ఉస్తాద్ చెయ్యి చాచి తాళంచెవి తీసుకున్నాడు, మళ్ళీ ఇవ్వలేదు. వారానికి హన్మంతు పని మానేసి రాజంపేటలో పంపుసెట్లు బాగుచేసుకోవడం మొదలుపెట్టాడు.

ఉస్తాద్ మూత కోసం వెతకని చోటు లేదు. బుల్లెట్ మూత కూర్చోలేదు, రాజ్‌దూత్ మూత ఊగింది. లేత్ మీద చేయిస్తే పట్టింది గాని, పెట్రోల్ కారింది. చివరికి మళ్ళీ గుడ్డే కుక్కాడు. సికింద్రాబాద్ పాత ఇనుము దుకాణాలకు నన్ను మూడుసార్లు పంపాడు. అసలు మూత ఎక్కడ పోయిందో తెలిసీ చేతులు నల్లబడేలా వెతికాను. దొంగభక్తిలో నన్ను మించినవాడు ఉండడు.

అక్టోబర్‌లో పీర్ల పండుగ వచ్చింది. అత్తగారింటికి బస్సులో పోతుంటే, నేను అప్పుడు ఆగిన ఊళ్ళోనే డప్పులు అడ్డమొచ్చి బస్సు నిలిచింది. కిటికీలోంచి చూశాను. కర్రకు తొడిగి ఎత్తుకొస్తున్న ఇత్తడి పీరు మెడలో నిమ్మకాయల దండకు కింద, ఎర్రదారంతో కట్టి, మా టాంకీ మూత. బస్సు దిగిపోయాను.

అది కట్టింది ఎంకవ్వ అనే ముసలామె. నన్ను ఎవరో భక్తుడనుకుని సంబరంగా చెప్పింది.

"తొవ్వల దొరికింది బిడ్డా. ఎండకు మెరుస్తుంటే పీరుకు కట్టే ఎండి గొడుగనుకున్న. అప్పుడు నా మనుమరాలికి జరం ఇడుస్తలేకుండె. తగ్గితె పీరుకు కడ్తనని మొక్కిన. తెల్లారెవరకు పిల్ల లేసి తింటనని గట్క అడిగింది."

మొక్కి కట్టినదాన్ని విప్పమనే నోరు ఎవరికుంటుంది? నిజం చెప్పాలంటే నాకు గుండెబరువు దిగింది. ఉస్తాద్ నమాజు మనిషి, పీర్ల దగ్గరికి పోడు. రెండు రోజులు ఆగితే పీర్లను వాగులో కడిగి పెట్టెలో పెట్టేస్తారు. మళ్ళీ ఏడాది దాకా ఆ మూత ఎవరి కంటా పడదు.

మర్నాడు సాయంత్రం షాపు మూస్తుంటే ఉస్తాద్ అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. పీర్ల దగ్గరికి పోకపోయినా, హన్మంతు ఇంట్లో పీర్లకు చేసిన మలీద ప్రతి ఏడూ ఒక గిన్నెడు ఆయనకు వచ్చేది. బెల్లం కలిపిన ఆ రొట్టెముద్దలంటే ఆయనకు ప్రాణం.

"హన్మంతు మలీద తేలే ఈ ఏడు," అన్నాడు. మళ్ళీ తనే, "మూత తీస్తె తీసిండు పో. మలీదన్న తేవచ్చు గద," అన్నాడు.

ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకొక్క రోజు నోరు మూసుకుంటే గట్టెక్కేవాణ్ణి, కాని ఆ రోజు గడవలేదు.

"ఉస్తాద్, రేపు పొద్దుగాల బండి తీయిండ్రి. మూత సూపిస్త," అన్నాను.

తెల్లవారి బండి ఆయనే నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. పీర్ల కొట్టం ముందు చెప్పులు విప్పి గుమ్మంలోనే నిలబడ్డాడు. అక్కడే ఉన్న ఎంకవ్వను అడిగితే మూతను తిప్పి చూపించింది. లోపలి అంచు మీద ఆకురాయితో గీసిన మూడు గీతలు ఉన్నాయి. మా షాపు సామాన్లన్నిటికీ ఆయన పెట్టే గుర్తు అది.

"నా బండి ఈ తొవ్వకు ఎప్పుడొచ్చింది, మైసన్నా?"

మొత్తం చెప్పాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. ఎంకవ్వ మాత్రం భయపడింది.

"గిది నీదా అయ్యా?"

"కాదవ్వ. పీరుది. మనుమరాలు మంచిగున్నదా?" అని, సమాధానం విన్నాక బయటికి నడిచాడు.

బండి కామారెడ్డిలో ఆగలేదు. నేరుగా రాజంపేట పోయింది. హన్మంతు ఒక రేకుల షెడ్డు కింద మోటారు విప్పుతున్నాడు. ఉస్తాద్ జేబులోంచి షాపు తాళంచెవి తీసి అతని ముందు పెట్టి, నా వైపు తిరిగాడు.

"నువ్వే జెప్పు. నాకు జెప్పినట్టే జెప్పు."

చెప్పాను. రెండోసారి ఇంకా కష్టమైంది. హన్మంతు చివరిదాకా విన్నాడు. తాళంచెవిని ముట్టుకోలేదు. లేచి బండి దగ్గరికి వెళ్ళి, టాంకీ నోట్లోంచి గుడ్డ లాగి చూశాడు.

"ఇన్ని నెలలు దీంతోనే నడిపినవా ఉస్తాద్? కార్బొరేటర్ల అన్ని గుడ్డ పోగులే ఉంటయి," అన్నాడు.

అక్కడే నేల మీద కూర్చుని విప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి తల ఎత్తకుండా పానా కోసం చెయ్యి చాచాడు. పానా నా కాళ్ళ దగ్గరే ఉంది. అతని చెయ్యి మాత్రం ఉస్తాద్ వైపు చాచి ఉంది. నేను కదల్లేదు. ఉస్తాదే మోకాలు పట్టుకుని వంగి, నా కాళ్ళ దగ్గరి పానా తీసి అతనికి ఇచ్చాడు.