ఓనరుగారి నడుం కొలత

ఇంటి ఓనరు సోమవారం పొద్దున్నే వచ్చాడు. వస్తూ వస్తూ చేతిలో కొత్త తాళంకప్ప తెచ్చుకున్నాడు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా దాన్ని కటింగ్ టేబుల్ మీద, కత్తెర పక్కన పెట్టాడు. చెప్పాల్సిన దాంట్లో సగం ఆ తాళమే చెప్పేసింది.

"శుక్రవారం సాయంత్రానికి గదులు రెండూ ఖాళీగా ఉండాలి. మూడు నెలలు ఊరుకున్నాను. ఓపికకీ ఒక హద్దుంటుంది" అన్నాడు.

టేబులుకి అటువైపు నిలబడ్డావిడని వీధిలో అందరూ ప్యాంట్లక్క అంటారు. మగవాళ్ళ ప్యాంట్లు కుట్టే ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. ముందు గదిలో కరెంటు మిషను, కటింగ్ టేబులు, ఇస్త్రీపెట్టె. వెనక గదిలో పొయ్యి, రెండు మంచాలు, అత్తగారు. భర్త పోయి పదకొండేళ్ళయింది. అత్తగారు మాత్రం కోడల్ని వదిలి ఎక్కడికీ పోలేదు. అత్తాకోడళ్ళిద్దరికీ రోజుకోసారైనా పడదు, ఒకరు లేనిదే ఇంకొకరికి ముద్ద దిగదు.

నాలుగు నెలల కిందట ప్యాంట్లక్క మెట్ల మీద జారింది. కుడి మణికట్టు విరిగింది. చెయ్యి విరిగిన దర్జీ ఇంట్లో పొయ్యి మాత్రం ఏం వెలుగుతుంది? తొమ్మిదేళ్ళుగా ఒకటో తారీఖు దాటని అద్దె మూడు నెలలు ఆగిపోయింది. కట్టు విప్పింది పోయిన వారమే.

"పని మళ్ళీ మొదలెట్టానండీ. ఈ నెల నించి నెలకి నెలన్నర అద్దె చొప్పున కడతాను. ఆరు నెలల్లో పాతదంతా తీరిపోతుంది" అంది.

"నువ్వు ఎగ్గొడతావని కాదమ్మా. మా బావమరిది ఫోన్ల కొట్టు పెడతానంటున్నాడు. రోడ్డు మీదకి గది, వాడికి నచ్చింది."

అదీ సంగతి. అద్దె ఆలస్యం ఒక వంక. ప్యాంట్లక్కకి ఒళ్ళు మండింది, కానీ మంట మింగి, "తొమ్మిదేళ్ళ నించీ ఉంటున్నాం కదండీ" అని మాత్రం అంది.

"ఎవరు చెప్పొచ్చారు తొమ్మిదేళ్ళని? అగ్రిమెంటుందా? రసీదుందా? ఏదో తెలిసినవాళ్ళని నాలుగు రోజులు ఉండనిచ్చానంటాను. చుట్టపుచూపుగా వచ్చారంటాను. కాదనేదెవరు?"

వెనక గదిలోంచి అత్తగారి గొంతు లేచింది. "చుట్టాల దగ్గర నెలనెలా అద్దె గుంజుకునే చుట్టాన్ని నిన్నే చూశాన్నాయనా!"

ఓనరు మొహం ముడుచుకున్నాడు. తాళం టేబుల్ మీదే వదిలేసి, "రోజూ చూసుకుంటూ ఉండండి, మర్చిపోకుండా" అని బయటికి నడిచాడు. పోతూ పోతూ మీటరు దగ్గర ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. తిరుగుతున్న ఫ్యాను మెల్లగా ఆగింది.

గుమ్మం దాటుతున్నవాడి నడుం మీదకి ప్యాంట్లక్క చూపు దానంతటదే పోయింది. వృత్తి అలాంటిది. ఆ నడుం తొమ్మిదేళ్ళలో ఆమె కళ్ళముందే పెరిగింది. ఈ ఇంట్లో దిగిన వారంలో ఆమె కుట్టిన మొదటి ప్యాంటు ఓనరుదే. మేలురకం బూడిదరంగు గుడ్డ. ఓనరుని మంచి చేసుకుందామని కూలి తీసుకోలేదు. సొంత షాపు పెట్టానన్న సంబరంలో ప్రెస్సుకెళ్ళి వంద గుడ్డ లేబుళ్ళు కూడా వేయించుకుంది అప్పట్లో. అవి అయిపోయాక మళ్ళీ వేయించే స్తోమత లేకపోయింది, వాటి ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఆ ప్యాంటు వెనక కుట్టులో రెండు పక్కలా రెండేసి అంగుళాల మార్జిన్ వదిలింది. "మనిషి సన్నగా ఉన్నప్పుడే లావయ్యే రోజుకి గుడ్డ వదలాలమ్మా" అనేవాడు తండ్రి. ఆ గుడ్డ ఓనరుకి బాగా అక్కరకొచ్చింది. పెళ్ళికెళ్ళాలన్నా, పెద్దవాళ్ళని కలవాలన్నా అదే ప్యాంటు. బిగుతైనప్పుడల్లా తెచ్చి ఊరికే లూజు చేయించుకునేవాడు. పిసినారికి కొత్తది కొనడమంటే ప్రాణం మీదకొస్తుంది.

మంగళవారం ప్యాంట్లక్క కోర్టు ఆవరణలో ఉచితంగా సలహా చెప్పే ప్లీడరమ్మ దగ్గరికెళ్ళింది. సన్నగా, కళ్ళద్దాలు పెట్టుకుని, ఎదురుగా ఉన్నవాళ్ళ మాట పూర్తయ్యేదాకా వినే మనిషి.

"కాగితం లేనంత మాత్రాన మీరు దిక్కులేనివాళ్ళు కారండీ. మీరు అద్దె ఇచ్చారు, ఆయన తీసుకున్నాడు. అదే ఒప్పందం. అద్దె బాకీ ఉన్నా సరే, రాతమూలకంగా గడువివ్వాలి, ఆ తర్వాత కోర్టు చెప్పాలి. తాళం వెయ్యడం, కరెంటు తియ్యడం ఆయన ఇష్టం కాదు. బాకీ మాత్రం మీరు తీర్చాల్సిందే."

"తీరుస్తానండీ. పారిపోను."

"మరి అద్దెకున్నట్టు రుజువేముంది?"

ప్యాంట్లక్క ఒక్కొక్కటే తలుచుకుంది. కరెంటు బిల్లు ఓనరు పేరున వస్తుంది. అద్దె ఎప్పుడూ చేతికే ఇచ్చింది. ఇరుగుపొరుగు కూడా ఆయన ఇళ్ళలో ఉండేవాళ్ళే, ఒక్కరూ పెదవి విప్పరు. "కొలతల పుస్తకం ఉందండీ. ఎవరి కొలత ఎప్పుడు తీసుకున్నానో తేదీతో రాస్తాను" అంది చివరికి.

"తీసుకురండి. శుక్రవారం పొద్దున అద్దెల తగాదాలు చూసే ఆఫీసరు దగ్గర విచారణ పెట్టిస్తాను. అప్పటిదాకా ఇల్లు ఒక్క నిమిషం ఖాళీగా వదలొద్దు. ఒకసారి బయట పడ్డాక లోపలికి రావడం చాలా కష్టం."

ఆ మూడు రోజులూ వాళ్ళకి కంటి మీద కునుకు లేదు. ఒకరు నీళ్ళకెళితే ఒకరు గుమ్మంలో. ఒకరు స్నానానికెళితే ఒకరు తలుపు దగ్గర. వీధిలో ఎవరి చెప్పుల చప్పుడైనా అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. గురువారం బావమరిది రానే వచ్చాడు. లోపలికి తొంగి కూడా చూడకుండా స్టీలు టేపు తీసి, బోర్డు కోసం కాబోలు, బయటి గోడ కొలుచుకున్నాడు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళని కొలిచిన మనిషి, తన ఇంటిని ఇంకొకడు కొలుస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

శుక్రవారం ఆమె విచారణకి వెళ్ళక తప్పదు, ఇల్లు వదలకూడదు.

"నేనున్నాగా, పో" అంది అత్తగారు, కుర్చీ గుమ్మంలోకి లాక్కుంటూ.

"మీరొక్కరే ఎలాగత్తయ్యా? ఆ బావమరిది..."

"వాడేం పులా? నువ్వెళ్ళి అక్కడ నోరు తెరిచి మాట్లాడు. ఇక్కడి నోటి సంగతి నేను చూసుకుంటా."

విచారణ గది చిన్నది. ఒక బల్ల, దాని వెనక విసుగు మొహంతో ఆఫీసరు, పక్కన ఫైళ్ళ బీరువా, తలుపు దగ్గర అటెండరు. ఓనరు ముందే వచ్చి కూర్చున్నాడు. పెద్దల ఎదుటికి కదా, ఇస్త్రీ చొక్కా, బూడిదరంగు ప్యాంటు. చేతిలో ఫోను. దాన్ని అరనిమిషానికోసారి చూసుకుంటున్నాడు. ఆ చూపు బావమరిది ఫోను కోసమేనని ప్యాంట్లక్కకి అర్థమైంది.

"రెండు నెలల కిందట వచ్చారండీ వీళ్ళు. చెయ్యి విరిగిందంటే పోనీ పాపమని ఉండనిచ్చాను. జాలిపడటమే నా తప్పయింది" అన్నాడు ఓనరు, కంటనీరొక్కటే తక్కువగా.

తొమ్మిదేళ్ళు. భర్త ఫోటోకి మేకు కొట్టిన గోడ, వర్షం వస్తే బకెట్టు పెట్టే మూల, అత్తగారికి జ్వరమొచ్చినప్పుడు మేలుకున్న రాత్రులు, అన్నీ ఒక్క మాటతో తుడిచిపెట్టేశాడు. ప్యాంట్లక్కకి ఏడుపు రాలేదు, కోపంతో చెవులు వేడెక్కాయి.

ప్లీడరమ్మ కొలతల పుస్తకం అందించింది. ఆఫీసరు నాలుగు పేజీలు తిప్పాడు.

"ఇది మీరు రాసుకున్న పుస్తకం. నిన్న రాత్రి కూర్చుని రాయలేదని నమ్మకమేంటి?"

సరిగ్గా అప్పుడే ఓనరు ఫోను మోగింది. అతను లేచి గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆఁ, ఇంకా ఇక్కడే ఉంది. కానివ్వు" అన్నాడు.

ఆ మాట ఆమె చెవిన పడింది. అక్కడ గుమ్మంలో డెబ్భై దాటిన ముసలామె ఒక్కతే ఉంది. ఇక్కడ తన చేతిలో పనికిరాని పుస్తకముంది. ఓనరు ఇంకా అటే తిరిగి ఫోను వెనక జేబులో దోపుకుంటున్నాడు. బిగిసిపోయిన ఆ వెనక కుట్టు, తాను నాలుగుసార్లు విప్పి కుట్టిన కుట్టు, ఆమె కంటికి ఎదురుగా ఉంది.

"సార్! రుజువు ఆయన వేసుకున్నాడు సార్!"

ఆఫీసరు తలెత్తాడు. "ఇదేమన్నా వేళాకోళమా?"

"కాదు సార్. ఆ ప్యాంటు నేను కుట్టిందే. ఆ ఇంట్లో దిగిన వారంలో కుట్టాను. నడుం పట్టీ లోపల, వెనక భాగంలో నా లేబులుంటుంది. దాని మీద ఇంటి నంబరుంటుంది. కుట్టు విప్పినప్పుడల్లా దాని పక్కన తేదీ, కొలత మార్కింగ్ సిరాతో రాస్తాను. మా నాన్న అలవాటు. ఆ సిరా ఉతికినా పోదు సార్."

"అబద్ధం!" ఓనరు గిర్రున ఇటు తిరిగాడు. "ఇది బజార్లో కొన్న రెడీమేడ్ ప్యాంటు!"

తన నడుం పట్టీ లోపల ఏముందో ఏ మగవాడు మాత్రం చదువుకుంటాడు? తెలియక అనేశాడు, అన్నాక వెనక్కి తీసుకునే దారి లేకపోయింది.

"అయితే మంచిదే, తేలిపోతుంది" అన్నాడు ఆఫీసరు. అటెండరు ఓనర్ని బీరువా వెనక్కి తీసుకెళ్ళాడు. కాసేపు బెల్టు చప్పుడు, గొణుగుడు. తర్వాత అటెండరు గొంతు, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, గది నిండా వినిపించింది. ముందు ఆమె షాపు పేరు. తర్వాత ఓనరు సొంత ఇంటి నంబరు. తర్వాత తొమ్మిదేళ్ళ కిందటి తేదీ, ముప్ఫై నాలుగు. రెండేళ్ళకి ముప్ఫై ఐదు. ఆపైన ముప్ఫై ఐదున్నర. ఆపైన ముప్ఫై ఆరున్నర. పోయినేడాది తేదీ, ముప్ఫై ఏడున్నర.

ఓనరు బీరువా వెనక నించి రావడానికి కొంచెం సమయం తీసుకున్నాడు.

"ఇవి కూడా ఆవిడ నిన్న రాత్రి మీ నడుం మీద కూర్చుని రాసిందంటారా?" అని అడిగాడు ఆఫీసరు.

ఆయన కలం తీశాడు. ఆమె అద్దెకున్న మనిషే. ఫ్యూజు ఈ పూటే పెట్టాలి, తాళం జోలికి పోకూడదు. బాకీ ఆరు వాయిదాల్లో కట్టాలి, ఒక్కటి తప్పినా ఓనరు కోర్టుకి రావొచ్చు. ఖాళీ చేయించాలంటే నోటీసిచ్చి, పద్ధతి ప్రకారం రావాలి. రాయడం పూర్తి చేసి, "ఇందాకటి మనిషికి ఫోన్ చెయ్యండి. ఇక్కడే, నా ఎదురుగా" అన్నాడు.

ఓనరు చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

ప్యాంట్లక్క కాగితం గుప్పిట్లో పట్టుకుని పరుగెత్తింది. రోడ్డు దాటిందో, దాటించారో ఆమెకి తెలియదు. తాళం పడి ఉంటుంది. అత్తయ్యని రెక్క పట్టుకుని బయటికి లాగి ఉంటారు. మిషను వీధిలో ఉంటుంది. సందు మలుపు తిరిగేసరికి ఊపిరి అందడం లేదు.

తలుపు సగం మూసి ఉంది. గొళ్ళేనికి, టేబుల్ మీది ఆ కొత్త తాళమే తెరిచిన నోటితో వేలాడుతోంది. బావమరిది మెట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు, పక్కన ఫోను మోగుతూనే ఉంది. తలుపు సందులోంచి, గడప అవతలికి, ముడతలు పడ్డ కాలొకటి చాచి ఉంది.

"అత్తయ్యా!"

"ఉన్నానే, అరవకు" అంది లోపలి నించి అత్తగారు. "తలుపు వేసుకోవాలంటే నా కాలు విరగ్గొట్టి వేసుకోమన్నాను. చెయ్యి విరిగితే మూడు నెలల అద్దె ఆగింది, కాలు విరిగితే ఎన్నాళ్ళాగుతుందో మీ బావనడిగి రమ్మన్నాను. అప్పట్నించీ అలాగే కూర్చున్నాడు."

ప్యాంట్లక్క కాగితం బావమరిది చేతిలో పెట్టింది. అతను చదివి, తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా అత్తగారు కదల్లేదు. ఆ తర్వాత ఆమె గొంతులో బింకం పోయింది.

"అమ్మాయ్, ఇంక కాలు లోపలికి తీసుకోవచ్చా?"

ఆ కాలు వణుకుతోంది. ఎంతసేపట్నించి వణుకుతోందో. ప్యాంట్లక్క గడప మీద కూలబడి, ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని, నాలుగు నెలల ఏడుపంతా ఒకేసారి ఏడ్చింది.

ఫ్యూజు ఆ సాయంత్రమే వచ్చింది. పది రోజులకి, ఒకటో తారీఖున, ఓనరు కూడా వచ్చాడు. ప్యాంట్లక్క నెలన్నర అద్దె ఇచ్చి, "రసీదు" అంది. అతను తల వంచుకుని రాసిచ్చాడు. వెళ్ళలేదు. చంకలోంచి కాగితం పొట్లం తీసి టేబుల్ మీద పెట్టాడు. బూడిదరంగు ప్యాంటు.

"కొంచెం లూజు చెయ్యాలి. మా బావమరిది పెళ్ళిచూపులున్నాయి."

"అరంగుళమే మిగిలిందండీ. దీని తర్వాత ఇంక వదలడానికి లేదు. కూలి వాయిదాలో పట్టుకుంటాను" అంది ప్యాంట్లక్క. ఓనరు కాదనలేదు. ఆమె కుట్టు విప్పి, మిషను మీద మళ్ళీ కుట్టి, దారం కొరికి, పట్టీ వెనక్కి మడిచింది. రంగు వెలిసిన లేబులు పక్కన, అయిదు వరసల కింద, సిరాతో ఆ రోజు తేదీ వేసి ముప్ఫై ఎనిమిది అని రాసింది.

ఓనరు ఇబ్బందిగా కదిలాడు. "ఇంకా అవన్నీ రాయాలా అమ్మా?"

"మీకు మతిమరుపు కదండీ" అంది ఆమె. సిరా ఆరేదాకా ఆగి, మడత పెట్టి ఇచ్చింది.