రెండు పెట్టెల గ్లవ్స్

ఆసుపత్రికి కావలసిన సరుకంతా తెప్పించేది, అందరూ స్టోరక్క అని పిలిచే ఆవిడే. వాడి పారేసే గ్లవ్స్ ఒక్కరి దగ్గరే కొంటే ఏదో ఒక రోజు కొంప మునుగుతుందని సూపరింటెండెంటు చెవిలో జోరీగలా పోరి, రెండో కంపెనీని కూడా పెట్టించింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదన్నవాళ్లు ఎవరో గానీ, వాళ్లెప్పుడూ స్టోరు నడిపి ఉండరు. ఇద్దరి గ్లవ్స్‌లోనూ నీళ్లు నింపి, వేలాడదీసి, చుక్క కారలేదని రూఢి చేసుకున్నాకే సరేనంది.

ఈ రోజు మొదటి కంపెనీ చేతులెత్తేసింది. ఫ్యాక్టరీలో యంత్రం చెడిపోయిందట. ఆపరేషన్ థియేటర్ నర్సు గ్లవ్స్ కోసం వచ్చి ఎదురుగా నిలబడింది.

"కంగారు పడకమ్మా, రెండో ఆయన ఉన్నాడుగా," అంటూ స్టోరక్క ధీమాగా ఫోన్ చేసింది.

"మా దగ్గరా లేవమ్మా. ఫ్యాక్టరీలో యంత్రం చెడిపోయింది," అన్నాడు రెండో కంపెనీ ఆయన.

ఆవిడకు ఒళ్లు మండింది. "ఇద్దరికీ ఒకేసారి ఎలా చెడిపోతుందయ్యా?"

"ఇద్దరికీ ఒకటే ఫ్యాక్టరీ కదమ్మా. పెట్టెలే వేరు."

"వాళ్ల సరుకు ముట్టుకోవద్దని నువ్వే కదయ్యా చెవినిల్లు కట్టుకుని చెప్పావు! ఒకే తానులో ముక్కలని అప్పుడే ఏడవొచ్చుగా?"

"మీరు నీళ్లు పోసి చూసుకున్నారే గానీ, ఎక్కడ చేస్తారని ఒక్కసారైనా అడిగారా అమ్మా?"