మా వంశంల లేదు

ఫైలు మీద తండ్రి పేరు చదివి వినోద కలం కింద పెట్టింది. శ్రీకాంత్, బట్టల దుకాణం, హనుమకొండ చౌరస్తా. పిల్లవాడి పేరు మోక్షిత్. వయసు రెండేళ్ల ఎనిమిది నెలలు. వచ్చిన కారణం: మాటలు రావడం లేదు, పిలిస్తే పలకడు.

లేచి వెళ్లి తలుపు సందులోంచి హాల్లోకి చూసింది. గోడవారగా బెంచీ మీద శ్రీకాంత్ తల్లి శారదమ్మ కూర్చుని ఉంది. ఏడేళ్లలో జుట్టు నెరిసింది గానీ కూర్చున్న తీరు మారలేదు. ఇద్దరి చోటు ఒక్కతే ఆక్రమించి, బిడ్డను ఎత్తుకుని నిలబడ్డ పల్లెటూరి ఆడమనిషి వైపు కన్నెత్తి చూడకుండా కూర్చుంది. పిల్లవాడి వెనకాల హాలంతా పరుగెడుతున్న పాతికేళ్ల అమ్మాయి ఆ ఇంటి రెండో కోడలై ఉంటుంది.

వినోద ఆ ఇంటికి మొదటి కోడలు.

పరకాలలో చిన్న కిరాణా కొట్టు నడుపుకునేవాళ్ల కూతురు. నర్సింగు చదివి, ఉద్యోగం వచ్చాక శ్రీకాంత్‌ని చేసుకుంది. కొడుకు చైతన్య మూడేళ్లు నిండినా మాట్లాడలేదు. కళ్లలోకి చూసేవాడు కాదు. టిఫిన్ డబ్బా మూత దొరికితే గంటలకొద్దీ తిప్పుతూ కూర్చునేవాడు. పరీక్షలు చేయిద్దామని వినోద అంటే శ్రీకాంత్ "అమ్మనడుగు" అనేవాడు. అమ్మ పెద్దమనుషులను పిలిచింది.

ఆ పంచాయితీ వాళ్ల ఇంటి ముందుగదిలోనే జరిగింది. "మా వంశంల ఇసొంటోడు పుట్టలే. ఇది దీని కడుపుల దోషం. డ్యూటీలని తిరిగి పోరన్ని గాలికిడిసింది" అని శారదమ్మ అందరి ముందూ అంది. శ్రీకాంత్ తల వంచుకుని ఫోను చూసుకున్నాడు. పెద్దమనుషుల్లో ఒకాయన, "ఆ పిచ్చిపోరన్ని జర లోపటికి తీస్కపోన్రి, సప్పుడైతాంది" అన్నాడు. తప్పురా, పేరు పెట్టి పిలువు అన్నవాళ్లు ఆ గదిలో లేరు. నెల తిరిగేసరికి వినోద బిడ్డతో, రెండు సంచులతో పరకాల బస్సెక్కింది. ఆ తర్వాత కోర్టు కాగితాలూ అయిపోయాయి.

అంతా అయిపోయాక ఓరోజు బస్టాండులో నర్సయ్య కనబడ్డాడు. ఆ దుకాణంలో ముప్పయ్యేళ్లుగా బట్టల మూటలు మోస్తున్న మనిషి. అటూ ఇటూ చూసి చెప్పాడు. "బిడ్డా, పాపం మూటగట్టుకున్నరు వాళ్లు. మా శ్రీకాంత్ సేటు సుత ఐదేండ్లదాంక మాట్లాడలే. మొక్కని గుడి లేదు, ఎక్కని దర్గ లేదు. నేనే భుజాల మీద తిప్పిన. ఎవ్వలకు చెప్పద్దని పెద్దమ్మ నాతోని ఒట్టేయించుకున్నది."

ఆ మాట పంచాయితీకి ముందు తెలిసి ఉంటే ఏమయ్యేదో వినోద చాలాసార్లు ఊహించుకుంది. అడిగి మరీ ఈ సర్కారు పిల్లల కేంద్రానికి మారింది. ఎదుగుదల వెనకబడ్డ పిల్లల కోసం పెట్టిన కేంద్రం ఇది. ట్రైనింగులన్నీ చేసింది. నేర్చుకున్నదంతా ఇంట్లో చైతన్య మీద ప్రయోగించింది. వయసు నాలుగేళ్లు దాటాక వాడు "నీళ్లు" అన్నాడు. ఇప్పుడు పదేళ్లు, నాలుగో తరగతి. గట్టి చప్పుడుకు చెవులు మూసుకుంటాడు. కొత్తవాళ్లొస్తే మంచం వెనక్కి పోతాడు. కానీ అమ్మమ్మ సమ్మమ్మ పక్కన కూర్చుంటే బడి ముచ్చట్లన్నీ నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరుకుని చెబుతాడు. తండ్రి ఈ ఏడేళ్లలో ఒక్కసారైనా ఫోను చేయలేదు.

శారదమ్మ వాళ్ల టోకెను ఆరు. వినోద ఏడును పిలిచింది. తర్వాత ఎనిమిదిని, తొమ్మిదిని. పదకొండు గంటలు దాటాక రెండో కోడలు గుమ్మంలోకి వచ్చింది.

"సిస్టర్, మాది ఆరు నంబరు. బాబు ఆకలికి ఏడుస్తాండు."

"పిలుస్తం. కూసోండ్రి."

పన్నెండున్నరకు పిలిచింది. శారదమ్మ ముందు నడిచొచ్చింది, వినోదను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. వెనకనుంచి కోడలు "నడువుండ్రి అత్తమ్మా" అంది. కోడలికేమీ తెలియదని ఆ ఒక్క చూపుతో వినోదకు అర్థమైంది. తెలియకూడదని శారదమ్మ కళ్లు బతిమాలుతున్నాయని కూడా అర్థమైంది. ఆ కళ్లు తనను బతిమాలడం వినోద మొదటిసారి చూసింది. తొందరేమీ లేనట్టు కుర్చీలు చూపించింది.

"తల్లి పేరు?"

"శ్రావణి. మాది నర్సంపేట సిస్టర్."

వినోద పిల్లవాడిని తూకం వేసింది, ఎత్తు కొలిచింది, తల చుట్టూ టేపు పెట్టి చూసింది. అన్నీ వయసుకు తగ్గట్టే ఉన్నాయి. వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరగలేదు. బంతి దొర్లిస్తే బంతిని చూశాడు గానీ దొర్లించిన మనిషిని చూడలేదు. చేతులు మృదువుగా, పద్ధతి ప్రకారం పనిచేస్తున్నాయి. పిల్లవాడి మీద ఆమెకు కోపం లేదు.

"మెడ ఎప్పుడు నిలిపిండు? ఎప్పుడు నడిచిండు? కావాల్సింది వేలు పెట్టి చూపిస్తడా?"

శ్రావణి ఒక్కోటీ చెప్పింది. వేలు చూపించడట. చెయ్యి పట్టి లాక్కుపోతాడట.

"ఫోను ఎంతసేపు?"

"పొద్దందాంక సిస్టర్. ఫోను లేకుంటే ముద్ద మింగడు. అత్తమ్మనే అలవాటు..." అని ఆగిపోయింది. ఆగాక ఇక ఆపుకోలేక ఏడ్చేసింది. "అంత నాతోనే అయిందంటాండ్రు. కడుపుల ఉన్నప్పుడు నేను మంచిగ తినలేదట. వాళ్ల వంశంలనే ఇసొంటిది లేదట."

వినోద కాగితం తిప్పింది. తర్వాతి గడి కుటుంబ చరిత్ర. ఏ పిల్లవాడు వచ్చినా అడిగే ప్రశ్నలే. రోజుకు పదిసార్లు అడుగుతుంది. ఇవాళ ఆ ప్రశ్న చదువుతుంటే నోట్లో నీళ్లూరినట్టయింది.

"మీరు చెప్పాలె పెద్దమ్మా. తండ్రి దిక్కు ఎవలకన్న మాటలు ఆలస్యంగ వచ్చినయా?"

"లేదు."

"పిలగాని నాయనకు ఎన్నో ఏట వచ్చినయి?"

"యాడాదికే గలగల మాట్లాడిండు."

"సోచాయించి చెప్పుండ్రి. డాక్టరమ్మ దీన్ని చూసే ఏం పరీక్షలు చెయ్యాల్నో రాస్తది. అబద్ధమాడితే నష్టం మీ మనుమనికే. నాకేం లేదు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. మోక్షిత్ కుర్చీ కాలును వేళ్లతో తడుతున్నాడు. శ్రావణి ఏడుపు ఆపి అత్త ముఖంలోకి చూసింది.

"ఐదేండ్లకు," అంది శారదమ్మ.

"జర గట్టిగ చెప్పుండ్రి. ఇనవడలే."

"ఐదేండ్లకు వచ్చినయి!"

వినోద రాసుకుంది. తొందరపడకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. "ఈ బాబుకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు?"

"ఈడొక్కడే సిస్టర్," అంది శ్రావణి.

"తండ్రి మొదటి పెండ్లి సంతానం?"

"లేదు కదా. ఆర్నెల్లకే ఇడిసిపెట్టిపోయిందట. పిల్లలు కాలేదన్నరు."

"పెద్దమ్మా, చెప్తరా? నన్ను చెప్పమంటరా?"

శారదమ్మ రెండు చేతులూ దగ్గరికి తెచ్చింది. దండం పెట్టబోయి, కోడలు చూస్తోందని కొంగు పట్టుకుంది. వినోద ఆమెకు కావలసినంత వ్యవధి ఇచ్చింది. అప్పుడు శ్రావణి వైపు తిరిగింది.

"ఈ పిలగానికి ఒక అన్న ఉన్నడు చెల్లె. పదేండ్లు. పేరు చైతన్య. వానికి సుత గిట్లనే మాటలు రాలే. వాడు నా కొడుకు."

శ్రావణి పిల్లవాడిని ఒళ్లోకి లాక్కుని, కుర్చీ అత్తకు దూరంగా జరుపుకుంది.

"ఇది ఎవ్వల తప్పు కాదు," అని చెప్పింది వినోద. "కొన్ని ఇండ్లల్ల రక్తంల నడుస్తది. నువ్వు తిన్నదాంతోటి, తిననిదాంతోటి రాలే. నీ తప్పు అసలే కాదు." ఆ మాట శ్రావణి ఒక్కదాన్నే చూస్తూ చెప్పింది. ఎవరి తప్పూ కాదన్నది శారదమ్మకు కూడా చెప్పవలసిన మాటే. ప్రతి నాయనమ్మకూ చెబుతుంది. ఆమెకు మాత్రం చెప్పలేదు.

డాక్టరమ్మ చూసి చెవి పరీక్ష రాసింది. వారం వారం మాటల శిక్షణకు రమ్మంది. సమయాలు వేసే రిజిస్టరు వినోద దగ్గరే ఉంటుంది. ఎల్లుండి శుక్రవారం పది గంటలకు చోటు ఖాళీగా ఉంది. వినోద దాన్ని చూసింది, పేజీలు తిప్పింది, రెండు నెలల తర్వాతి తారీకు రాసిచ్చింది.

ఆ పూటంతా ఆమె మనసు గాలిలో తేలినట్టుంది. ఇంటికి పోతూ దారిలో జిలేబీ కొన్నది.

మర్నాడు పొద్దున మొదటి టోకెను ఒక కూలి దంపతులది. బిడ్డకు ఐదేళ్లు. ఇదే మొదటిసారి రావడం. తల్లి అడిగింది: "అక్కా, ముందుగాల తెస్తే మంచిగుండునా?"

"ఇప్పటికన్న తెచ్చిన్రు, ఫికర్ చెయ్యకుండ్రి," అని ఎప్పటిలాగే అంది వినోద. కానీ ఆ మాట ఆమెకే సగం అబద్ధంలా వినబడింది. మూడేళ్లలోపు పిల్లవాడికి రెండు నెలలంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా వరంగల్లో ఎవరికీ తెలియదు. మోక్షిత్ వేళ్లు కుర్చీ కాలును తట్టడం గుర్తొచ్చింది. దెబ్బ తగలవలసిన చోట తగల్లేదు, పిల్లవాడికి తగిలింది. చూసుకోకుండా కొట్టింది. తన మీద తనకే రోత పుట్టింది.

మధ్యాహ్నం శ్రావణికి ఫోను చేసింది. "రేపే రాండ్రి, పది గంటలకు. ఒక షరతు. తండ్రి తప్పకుండ రావాలె. ఆయన రాకుంటే చోటు లేదు." అలాంటి నియమం ఏ కాగితంలోనూ లేదు. తల్లిదండ్రుల్లో ఒకరు వస్తే చాలు.

"వస్తడు," అంది శ్రావణి. ఆమె గొంతు నిన్నటి గొంతు కాదు. "రాకుంటే నేను నర్సంపేట పోతనని చెప్పిన. పోయేముంగట మా అమ్మోళ్లను, వాళ్ల పెద్దమనుషులను పిలిచి అత్తమ్మతోని అన్నీ చెప్పిస్తనన్న."

శ్రీకాంత్ వచ్చాడు. కొంచెం లావెక్కాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి బంగారు గొలుసు. శిక్షణ గదిలో పరిచిన చాప దగ్గర నిలబడి, "వినోదా..." అన్నాడు.

"సిస్టర్ అనుండ్రి. చెప్పులు బయట ఇడువుండ్రి. ఫోను ఈ డబ్బాల వెయ్యుండ్రి. చాప మీద కూసోండ్రి."

"నేను కుర్చీల..."

"పిలగాని కండ్లు ఎక్కడున్నయో మీ కండ్లు అక్కడ ఉండాలె. కూసోండ్రి."

కూర్చున్నాడు. పొట్ట అడ్డం వచ్చి మోకాళ్లు మడతపడలేదు. పిల్లవాడు బంతిని నేలకు కొట్టి "బ్బ" అన్నాడు.

"మీరు సుత అట్లనే అనుండ్రి."

"ఏమని?"

"బ్బ అని. వాడు ఏ సప్పుడు చేస్తే ఆ సప్పుడు. అని ఆగుండ్రి. మనసుల ఐదు లెక్కవెట్టుండ్రి. వాడు చూసేదాంక కదలద్దు."

అవతల చాపల మీద మరో రెండు కుటుంబాలున్నాయి. శ్రీకాంత్ చుట్టూ చూసి, గొణుగుతూ "బ్బ" అన్నాడు.

"ఇనవడలే."

"బ్బ!"

అలా నలభై నిమిషాలు. బాతులా నడవమంది, నడిచాడు. కుక్కలా మొరగమంది, మొరిగాడు. ఇవన్నీ శిక్షణలో ఉన్నవే. ఏ తండ్రికైనా చెప్పేవే. మిగతా తండ్రులకు చెప్పేటప్పుడు తనూ నేల మీద కూర్చుని చేసి చూపిస్తుంది, నవ్విస్తుంది. ఇతనికి నిలబడి చెప్పింది.

శుక్రవారాలు పదకొండు గడిచాయి. పెళ్లిళ్ల సీజన్లో దుకాణం కిటకిటలాడుతుందని ఒకవారం మినహాయింపు అడిగాడు. ఇవ్వలేదు. ఇంట్లో శ్రావణి ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం చెవి నడుముకు దోపుకుందని, శారదమ్మ మనవడికి చేత్తో ముద్ద కలిపి ఎదురుగా కూర్చుని తినిపిస్తోందని తెలిసింది. "నేను చెప్పినట్టే నడుస్తాంది అక్కా. నోరు లేస్తలేదు," అని శ్రావణి చెబితే వినోద ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది.

పన్నెండో శుక్రవారం కిటికీ అవతల మోదుగచెట్టు మీదికి ఏదో పిట్ట వచ్చి వాలింది. మోక్షిత్ దాన్ని చూశాడు. చెయ్యెత్తి, చూపుడువేలు చాచాడు. ఆ తర్వాత తల తిప్పి, చూశావా అన్నట్టు, తండ్రి ముఖంలోకి చూశాడు. శ్రీకాంత్ "పిట్ట... పిట్ట నానా" అన్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

అందరూ వెళ్లాక అతనొక్కడూ వెనక్కి వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు.

"చైతూ ఎట్లున్నడు? ఒక్కసారి... దూరంకెల్లి చూస్త. వాని ముంగటికి సుత రాను."

ఈ రోజు వస్తుందని వినోద ఏడేళ్లు ఎదురుచూసింది. వచ్చినప్పుడు అనవలసిన మాటలు ఎన్నో సిద్ధం చేసుకుంది. పంచాయితీ గది, ఫోను చూసుకున్న తల, పిచ్చిపోరడన్న మాట. ఒక్కటీ అనాలనిపించలేదు.

"వాడు అడిగిన్నాడు చూపిస్త," అంది. "ఇప్పటిదాంక అడగలే."

"నేనున్ననని వానికి ఎరుకేనా?"

"ఎరుకే. నాన పేరు చెప్పమని బళ్లె అడిగితే చెప్తడు. అంతే."

ఆమె రిజిస్టరు తెరిచి వచ్చే శుక్రవారం పేజీలో మోక్షిత్ పేరు రాసి, "పదింటికి. లేటు కావద్దు," అంది. అతను తలూపి బయటికి నడిచాడు. అతని నడకలో ఒక కాలు ఈడ్పు కనబడింది. నేల మీద కూర్చుని కూర్చుని మోకాలు పట్టేసి ఉంటుంది.

జాలి వస్తుందేమోనని వినోద కాసేపు చూసింది. రాలేదు. చేతులు కడుక్కుని డబ్బా విప్పింది. అమ్మ పొద్దున కట్టిచ్చిన అన్నం, చింతచిగురు పప్పు. ఆ పూట ఆమెకు బాగా ఆకలి వేసింది.